ఇడ్లీకి ఆరు మాటలు

మా ఊళ్లో దోమలు పెరగడానికీ, నేనూ లాజరూ ఇడ్లీ తినే బల్ల పోవడానికీ కారణం ఒక్కటే. మునిసిపల్ కమిషనర్ గారి పెళ్లిరోజు.

ఆ రోజు ఆయన భార్యనీ ఇద్దరు పిల్లల్నీ తీసుకుని మెయిన్ రోడ్డులో ఉన్న ఏసీ హోటలుకి వెళ్లారు. నలుగురూ కూర్చున్నారు. నలుగురూ ఫోన్లు తీశారు. కమిషనర్ గారు కూడా తీశారు గానీ ఆయనది ఆఫీసు పని. బిర్యానీ వచ్చింది, చల్లారింది. తిన్నారు. ఇంటికొచ్చాక ఆవిడ, ‘మీరూ వచ్చారా హోటలుకి? నేను చూడనే లేదు’ అన్నారట. ఈ సంగతి వాళ్ల డ్రైవరు చెప్పాడు.

ఇంకొకరైతే ఆ రాత్రి భార్యకి సర్దిచెప్పుకుని ఊరుకునేవారు. ఈయన కమిషనర్ కాబట్టి ఊరందరికీ సర్దిచెప్పాలనుకున్నారు. పది రోజుల్లో కౌన్సిల్లో తీర్మానం అయింది. రిక్షాలో మైకు పెట్టి చదివారు.

“పట్టణ ప్రజలకు ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, భోజన సమయమందు పౌరుల మధ్య ముఖాముఖి అనుబంధము క్షీణించుచున్న దృష్ట్యా, పట్టణ పరిధిలోని సమస్త హోటళ్లు, మెస్సులు, టిఫిన్ దుకాణముల యందు సెల్ ఫోన్ల వినియోగము నేటి నుండి నిషేధించడమైనది.”

ప్రతి హోటలు గుమ్మం పక్కనా గూళ్ల పెట్టె బిగించారు. లోపలికి వెళ్లేవాడు ఫోను గూట్లో పెట్టి వెళ్లాలి. నాకది నచ్చింది. నాకు ఫోను లేదు. లాజరుకి ఉన్నా ఏం వింటాడు, చెవులు పోయి పదేళ్లయింది.

మేమిద్దరం పాత రైస్ మిల్లులో ముప్ఫై ఏళ్లు పనిచేశాం. నేను వడ్లు ఆడే హల్లర్ దగ్గర, వాడు ఇంజను దగ్గర. వాడి చెవులు ఇంజను తీసుకుంది, నా కుడిచేతి వేళ్లు రెండు బెల్టు తీసుకుంది. మిల్లు మూతపడి ఆరేళ్లయింది. అప్పటినుంచి రోజూ పొద్దున్న ఏడు గంటలకి మాణిక్యాంబ టిఫిన్ హోటల్లో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటాం. చెరి మూడు ఇడ్లీలు, చెరో టీ. నాకు ఆ గంట తప్ప రోజులో వేరే పని లేదు. లాజరుకి ఆ గంట తప్ప పలకరించే మనిషి లేడు. కూతురింట్లో వాడి సైగలు ఎవరికీ రావు.

సైగలంటే మిల్లు సైగలు. మిల్లు తిరుగుతుంటే పక్కవాడి చెవిలో అరిచినా వినపడదు. అందుకని అందరం చేతుల్తోనే మాట్లాడుకునేవాళ్లం. చెవి తమ్మె పట్టుకుంటే కామందు వస్తున్నాడని. ఆయన చెవికి పోగు ఉండేది. రెండు వేళ్లు పెదవికి ఆనిస్తే టీ. చేతులు రెండూ అడ్డంగా పెడితే మిల్లు ఆగిందని. పిడికిలి బిగించి గాల్లో గుండ్రంగా తిప్పితే హల్లర్లో గింజ లేదు, ఉత్తదే తిరుగుతోంది అని. ఉత్తగా తిరిగినప్పుడే అది ఎక్కువ మోత చేస్తుంది.

నోటితో మాట్లాడటం ఒక్కదానికే. ఎవరైనా పోతే కామందు ఇంజను ఆపించి, ఆ మనిషి ఎదురుగా నిలబడి నోటితో చెప్పేవాడు. చావు కబురు సైగతో చెప్పకూడదని ఆయన పద్ధతి. అలా మూడుసార్లు మిల్లు ఆగింది. మా నాన్నకోసారి, లాజరు భార్యకోసారి. మూడోసారి కామందుకే. అప్పుడు గుమాస్తా చెప్పాడు. అందుకని మా మిల్లు మనుషులకి ఎదుటివాడి పెదాలు కదిలితే గుండె జారుతుంది. అరచెయ్యి నుదుటికి ఆనించుకుంటాం. ఎవరు పోయారు అని.

ఇదీ మా బల్ల సంగతి. ఇక మునిసిపాలిటీ సంగతి.

ఫోన్లు గూళ్లలోకి వెళ్లాక జనం ముఖాముఖి కూర్చున్నారు. కూర్చుని ఫ్యాను చూశారు. గోడమీద క్యాలెండరు చూశారు. కొందరు తమ ఫోను ఉన్న గూడునే చూస్తూ తిన్నారు. మాట్లాడింది మాత్రం లేదు. మొగుడూ పెళ్లాలు ఒకరి మొహం ఒకరు అంతసేపు చూసుకోవాల్సి రావడంతో నాలుగు బల్లల దగ్గర గొడవలయ్యాయి.

కమిషనర్ గారు నిరుత్సాహపడలేదు. ‘పౌరుల చేతుల నుండి ఫోను తొలగించితిమి, కాని నోటియందు మాట నింపలేకపోతిమి’ అని సమీక్షలో అన్నారు. రెండో తీర్మానం వచ్చింది. ఇడ్లీకి తక్కువలో తక్కువ ఆరు మాటలు మాట్లాడాలి. అట్టుకి పది. భోజనానికి నలభై. ఉప్మా పెసరట్టుని అట్టు కింద లెక్క వెయ్యాలా, అట్టూ ఉప్మా రెండుగా వెయ్యాలా అని సందేహం వస్తే జిల్లాకి రాశారు. జవాబు వచ్చేదాకా మూడు వారాలు ఊళ్లో ఉప్మా పెసరట్టు ఆపేశారు.

ఒంటరిగా వచ్చేవాళ్లకి తోడు కూర్చోబెట్టడానికి స్వచ్ఛంద సంభాషకులు కావాలన్నారు. పదకొండుమంది ముందుకొచ్చారు. అందులో తొమ్మిదిమంది బీమా ఏజెంట్లు. అన్నం తిందామని ఆగిన లారీ డ్రైవర్లు రెండు పాలసీలు కట్టి వెళ్లిపోయేవాళ్లు.

మాటలు జరుగుతున్నాయో లేదో చూడ్డానికి హోటలుకో సంభాషణ పర్యవేక్షకుణ్ణి వేశారు. కొత్తవాళ్లని తీసుకోవడానికి మంజూరు లేదు కాబట్టి దోమల మందు కొట్టేవాళ్లందర్నీ ఇటు మార్చారు. మాణిక్యాంబ హోటలుకి త్రిమూర్తులు వచ్చాడు. ఇరవై ఏళ్లు వీపున పొగ మిషను మోసిన మనిషి. మంచివాడే. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, ఎవరు ఎన్ని మాటలన్నారో ఫోనులో ఎక్కించేవాడు. తల ఎత్తడానికి తీరిక ఉండేది కాదు. ఊళ్లో తిండి దగ్గర ఫోను చూసే మనిషి అతనొక్కడే మిగిలాడు.

దోమలు పెరిగాయి. జనానికి మాట్లాడుకోవడానికి మంచి విషయం దొరికింది. ప్రతి బల్ల దగ్గరా దోమల మాటే. వారం తిరక్కుండా మూడో ఉత్తరువు వచ్చింది. దోమల ప్రస్తావన సంస్థ ప్రతిష్ఠకు భంగకరం కనుక ఆ మాటలు లెక్కలోకి రావు.

ఆ వారంలోనే త్రిమూర్తులు మా బల్ల దగ్గరకొచ్చాడు.

“బాబాయ్, మాట్లాడుకోండి.”

“మాట్లాడుకుంటన్నాం,” అన్నాను.

“ఏం మాట్లాడుకుంటన్నారు? అరగంటనించీ చూత్తన్నాను. చేతులూపుకుంటన్నారు.”

“అదే.”

“అదంటే ఎలాగ బాబాయ్? నాకు వినపడాలి కదా. ఆయన ఇందాక చెయ్యి ఇలా తిప్పేడు. అదేంటి?”

“చట్నీలో ఉప్పు తగ్గిందన్నాడు.”

“ఆ మాట నోటితో అనొచ్చు కదా. ఒక మాట వచ్చేసేది.”

మాణిక్యాంబ వంటింట్లోంచి గరిటెతో వచ్చింది. యాభై దాటిన మనిషి. మొగుడు పోయాక పదిహేనేళ్లుగా ఆ పొయ్యి ఆరిపోకుండా చూసుకుంటోంది. “ఉప్పు తగ్గిందా? చెప్పరేం బాబాయ్!” అని కొంచెం ఉప్పు తెచ్చి పెట్టి, త్రిమూర్తుల వైపు తిరిగింది.

“ఆళ్లు ఆరేళ్లనించీ ఇలాగే తింటన్నారు. నీకేం అడ్డం?”

“నాకేం అడ్డం లేదక్కా. ఫోనులో గడి ఖాళీగా ఉంటే ఒప్పుకోదు. సున్నా కొట్టానంటే దానంతటదే మౌనం కేసు రాసేత్తాది. మూడు కేసులైతే హోటలుకి సీలు.”

“కొట్టకు మరి.”

“కొట్టేశాను,” అన్నాడు త్రిమూర్తులు. మొహం చిన్నబుచ్చుకున్నాడు.

అది మొదటి కేసు.

చెవిటివాళ్లకి మినహాయింపు ఉందని ఎవరో చెప్పారు. లాజరుని తీసుకుని మునిసిపల్ ఆఫీసుకి వెళ్లాను. మినహాయింపుల అధికారి అంతకుముందు జనన మరణాల సెక్షన్లో ఉండేవారు. కళ్లజోడు ముక్కు చివరికి జార్చి అర్జీ చదివారు.

“అర్జీదారు ఎవరు?”

లాజరుని చూపించాను.

“అర్జీదారు తన వినికిడి లోపాన్ని స్వయంగా, మౌఖికంగా విన్నవించుకోవాలి. నియమం నాలుగు.”

“ఆడికి వినపడదండి.”

“మీరు మాట్లాడకూడదు. ఏమయ్యా, నీకు వినపడదా?”

లాజరు ఆయన పెదాలకేసి చూసి నాకేసి చూశాడు. నేను సైగ చేశాను.

“సైగలు సాక్ష్యం కావు,” అన్నారు అధికారి. “మళ్లీ అడుగుతున్నాను. నీకు వినపడదా, పడుతుందా? వినపడకపోతే వినపడదని చెప్పు.”

లాజరుకి చెవులు పోయాయి గానీ గొంతు పోలేదు. తన మాట తనకి వినపడదు కాబట్టి నోరు తెరిస్తే బజారంతా తిరిగి చూస్తుంది. ఆ సిగ్గుకే మాట మానేశాడు. ఆ రోజు ఓపిక పోయినట్టుంది.

“ఏంటంటన్నాడ్రా ఈయన!”

పక్క గదిలో పన్నుల గుమాస్తా చేతిలో టీ ఒలకబోసుకున్నాడు. అధికారి గారు కళ్లజోడు సర్దుకుని, అర్జీ మీద రాస్తూ పైకి చదివారు.

“అర్జీదారు విచారణలో స్పష్టముగాను, బిగ్గరగాను సంభాషించెను. మినహాయింపు తిరస్కరించడమైనది.”

బయటికొచ్చాక లాజరు ఏమైందని అడిగాడు. నేను ఏమీ కాలేదన్నాను. అబద్ధం కాదు.

మర్నాడు మాణిక్యాంబ నా దగ్గర ప్లేటు పెట్టి, అక్కడే నిలబడింది.

“బాబాయ్, ఆయనకి వినపడకపోతే పోయింది. మీరన్నా ఏదో ఒకటి అనండి. ఆరు మూళ్లు పద్దెనిమిది మాటలే కదా. త్రిమూర్తులు రాసుకుంటాడు.”

“ఏమనను?”

“ఏదో ఒకటండీ. మీకు తెలిసిందేదో.”

నాకు మాటలు తక్కువ. తెలిసింది అంతకన్నా తక్కువ. బడికి మూడేళ్లు వెళ్లాను. అక్కడ నోటికొచ్చినవి ఎక్కాలు. ఇడ్లీ తుంచి, గొంతు సవరించుకుని, లాజరు మొహంలోకి చూస్తూ మొదలుపెట్టాను.

“రెండొకట్ల రెండు. రెండ్రెళ్లు నాలుగు. రెండు మూళ్లు ఆరు.”

త్రిమూర్తులు సంతోషంగా ఫోను ఎత్తాడు. “అదీ బాబాయ్. కానీండి.”

“రెండు నాలుగులు ఎనిమిది.”

లాజరు చేతిలో ఇడ్లీ ఆగిపోయింది. ముప్ఫై ఆరేళ్లలో నేను వాడి ఎదురుగా కూర్చుని నోరు కదిపింది లేదు. నా పెదాలకేసి చూస్తున్నాడు.  ఎంగిలి చెయ్యి కంచంలో వదిలేసి, ఎడమ అరచెయ్యి నుదుటికి ఆనించాడు.

ఎవరు పోయారు?

నేను ఆపేశాను. ఎవరూ పోలేదని సైగ చేశాను. వాడు నమ్మలేదు. కూతురా అని అడిగాడు. కాదన్నాను. మనవడా అన్నాడు. కాదన్నాను. మరి నోటితో ఎందుకు చెప్పావన్నాడు. ఇడ్లీ తినాలంటే చెప్పాలట అని సైగ చెయ్యడానికి మిల్లులో సైగ లేదు. మాకా అవసరం ఎప్పుడూ రాలేదు. వాడు లేచి, చెయ్యి కూడా కడుక్కోకుండా ఇంటికి పరుగెత్తాడు. డెబ్భై ఏళ్ల మనిషి. కూతుర్నీ మనవణ్ణీ కళ్లారా చూసుకుని, గంట తర్వాత రొప్పుకుంటూ తిరిగొచ్చాడు. కూర్చుని నా తలమీద ఒకటి మొట్టాడు. చల్లారిన ఇడ్లీ తిన్నాడు.

త్రిమూర్తులు తల గోక్కున్నాడు.

“ఏం రాయను బాబాయ్? నాలుగు మాటలొచ్చేయి. అవి కూడా ఎక్కం. ‘ఇది సంభాషణేనా’ అని అడుగుతాంది ఫోను. అవతలి మనిషి లేచి పారిపోయేడని కూడా పడింది.”

రెండో కేసు.

ఆ తర్వాత కమిషనర్ గారి పథకం రాజధానిదాకా పాకింది. అక్కణ్ణుంచి డైరెక్టరు గారొకావిడ తనిఖీకి వచ్చారు. మాణిక్యాంబ హోటలు ఆఫీసుకి దగ్గరని అక్కడికే తీసుకొచ్చారు. నాలుగు బల్లలు కలిపి గుడ్డ పరిచారు. డైరెక్టరు గారు, కమిషనర్ గారు, వెనక ఆరుగురు అధికారులు కూర్చున్నారు. విధి నిర్వహణలో ఉన్నవారికి ఫోను అనుమతి ఉంది. అందరూ విధి నిర్వహణలోనే ఉన్నారు. ఎనిమిదిమందీ ఫోన్లు తీసి, పథకం ఎంత బాగా నడుస్తోందో చూసుకుంటున్నారు. అట్లు వచ్చాయి. అట్లు చల్లారాయి.

మిగతా బల్లల దగ్గర జనం భయంతో మాటలు అప్పజెబుతున్నారు. “ఎండగా ఉందండి.” “అవునండి, ఎండగానే ఉంది.” “నిన్న కూడా ఎండేనండి.” “నిన్న ఎండేనండి.”

లాజరు ఇదంతా చూశాడు. చెవి తమ్మె పట్టుకున్నాడు, కామందులు వచ్చారని. తర్వాత ఎనిమిది వంచిన తలకాయల్నీ లెక్కపెట్టి, తవుడు తినే దూడలు ఎలా వంగుతాయో చేసి చూపించాడు. నాకు నవ్వాగలేదు. వాడికీ ఆగలేదు. ఇద్దరం టీ ఒలకబోసుకున్నాం.

డైరెక్టరు గారు తలెత్తారు. ఆ హాల్లో నవ్వుతున్నది మేమిద్దరమే.

“వాళ్లేం చేస్తున్నారు?” అన్నారావిడ.

కమిషనర్ గారు త్రిమూర్తుల్ని చూశారు. త్రిమూర్తులు నన్ను చూశాడు. నేను లేచి మిల్లు సంగతి చెప్పాను. మూడు ముక్కల్లో అయిపోయింది.

“అద్భుతం!” అన్నారు డైరెక్టరు గారు. “మనిషిని మనిషి చూడందే ఈ భాష సాగదు. ఫోను పట్టుకున్న చెయ్యితో ఈ భాష రాదు. కమిషనర్ గారూ, ఇంత సంపద మీ పరిధిలో ఉంచుకుని మీరు నోటిమాటలు లెక్కపెడుతున్నారా?”

“అది తొలి దశ మేడమ్,” అన్నారు కమిషనర్ గారు. ఫోను జేబులో పెట్టేశారు. “శబ్దరహిత ముఖాముఖి సంభాషణ మలి దశలో ప్రతిపాదించి ఉన్నాం.”

మాణిక్యాంబ ఆ రోజు మాకు టీ ఊరికే ఇచ్చింది. ఇక కేసులుండవు అంది. నేనూ అనుకున్నాను. లాజరుకి చెప్తే వాడు పెద్ద సంబరపడలేదు. కామందు మెచ్చుకున్నాడంటే ఓవర్ టైము ఉంటుందన్నాడు.

నెల తిరిగేసరికి ఇడ్లీకి ఆరు మాటలు పోయి, ఇడ్లీకి ఆరు సైగలు వచ్చాయి. సైగలకి ఒక పద్ధతి ఉండాలని సంఘం వేశారు. డ్రాయింగు మాస్టారు, యోగా మాస్టారు, ట్రాఫిక్ కానిస్టేబులు. మమ్మల్ని పిలిచి ఒక పూట సైగలు చేయించుకున్నారు, శాలువా కప్పారు, పంపించారు. తర్వాత పుస్తకం వచ్చింది. దానిపేరు సంజ్ఞా సంహిత. అందులో మా సైగలు సంస్కరించారు. టీ సైగ బీడీ తాగినట్టుందని తీసేశారు. చెవి పట్టుకోవడం అధికారుల పట్ల అగౌరవమని తీసేశారు. చేతులు అడ్డంపెట్టి మిల్లు ఆగిందనడం, పిడికిలి తిప్పి గింజ లేదనడం నిరాశాజనకమని తీసేశారు. వాటి చోట ధన్యవాదం, అభివృద్ధి, పరిశుభ్రత పెట్టారు. ప్రతి సైగా కుడిచేత్తోనే, ఐదు వేళ్లూ విప్పి చెయ్యాలి.

హోటలుకి వచ్చే ప్రతివాడూ సంహితలో పరీక్ష పాసై చీటీ తెచ్చుకోవాలి. మాకేం పరీక్ష అన్నాను. నియమం అందరికీ ఒకటేనన్నారు.

పరీక్ష టౌన్ హాల్లో. నా ఎదురుగా యోగా మాస్టారు కూర్చున్నారు.

“అభివృద్ధి,” అన్నారు.

మూడు వేళ్లు విప్పాను.

“ఐదు వేళ్లు.”

“లేవండి.”

“ఐదు వేళ్లు లేనిదే అభివృద్ధి లేదు,” అన్నారాయన, బాధగానే. నా కాగితం మీద ‘ఉచ్చారణ అస్పష్టం’ అని రాశారు.

లాజరుకి ప్రశ్నలు నోటితో అడిగారు. ఎదురుగా ముగ్గురు పెద్దమనుషులు పెదాలు కదుపుతుంటే వాడు పది ప్రశ్నలకీ అరచెయ్యి నుదుటికే పెట్టుకున్నాడు. ఆ సైగ సంహితలో లేదు. సున్నా ఇచ్చారు.

మర్నాడు పొద్దున్నే వెళ్లి మా బల్ల దగ్గర కూర్చున్నాం. మాణిక్యాంబ ఇడ్లీ పెట్టింది. చీటీ అడగలేదు. లాజరు చట్నీ బాగుందన్నాడు. నేను మినప్పప్పు మారినట్టుందన్నాను. త్రిమూర్తులు గుమ్మం దగ్గర కుర్చీలోంచి లేచి, కూర్చుని, మళ్లీ లేచి మా దగ్గరకొచ్చాడు.

“బాబాయ్, మీరు చేసే సైగలు పుత్తకంలో లేవు.”

“మావేగా.”

“మీవే. అందుకే లేవు.” ఫోను చూపించాడు. “ధ్రువీకరణ లేని సంజ్ఞలు అని దానంతటదే రాసేసింది. కొట్టకుండా పోదామంటే నా ఫోనులో ఫొటో కూడా అదే తీసేత్తాంది. మూడో కేసక్కా. రేపు సీలు వెయ్యడానికి వత్తారు. ఈళ్లిద్దర్నీ రానివ్వనని నువ్వు కాయితం మీద రాసిత్తే ఆపుతారంట.”

మాణిక్యాంబ గరిటె బల్లమీద పెట్టింది.

“రాయను.”

“రాయకపోతే పొయ్యి ఆరిపోద్దక్కా.”

“ఆరిపోనీ. ఆరేళ్లనించి తింటన్న మనుషుల్ని రేపట్నించి రావద్దని నేను చెప్పాలా? ఏ మొహం పెట్టుకుని చెప్పనూ?”

ఆవిడ కళ్లు నా మీద పడ్డాయి. నేను తల దించుకున్నాను. ఆ పొయ్యి మీద ఆవిడా, పిండి రుబ్బే ఇద్దరు ఆడవాళ్లూ బతుకుతున్నారు. నేను బతికేది నా గంట మాత్రమే.

“రాయమ్మా,” అన్నాను. “మేం రాం.”

“బాబాయ్...”

“రాయి.”

అప్పుడు చూశాను. లాజరు మా ముగ్గురి నోళ్లూ చూస్తున్నాడు. మాణిక్యాంబ పెదాలు కదులుతున్నాయి, త్రిమూర్తులివి కదులుతున్నాయి, నావి కదిలాయి. ఒకేసారి మూడు నోళ్లు. వాడు మెల్లిగా ఇడ్లీ కంచంలో పెట్టేశాడు. అరచెయ్యి నుదుటికి ఆనించుకున్నాడు.

మాణిక్యాంబ మాకు ఆరేళ్లు పెట్టింది కాబట్టి టీ, చట్నీ, ఇంకోటి వెయ్యి లాంటివి ఆవిడకొచ్చు. ఆ సైగ రాదు. “ఏమంటన్నాడు బాబాయ్?” అంది.

 రావద్దన్నారని వాడికి ఎలా చెప్పాలో ఆలోచించాను. మిల్లులో దానికీ సైగ లేదు. ముప్ఫై ఏళ్లలో ఎవరినీ రావద్దనలేదు. చివరికి చేతులు రెండూ అడ్డంగా పెట్టాను. మిల్లు ఆగింది.

వాడు తలూపాడు. మిల్లు ఆగితే ఎందుకాగిందని పనివాడు అడగడు. తువ్వాలు దులుపుకుని బయటికొచ్చి, మళ్లీ తిరిగేదాకా ఆరబోత గచ్చు మీద కూర్చుంటాడు. మేమూ అదే చేశాం. మూతపడ్డ మిల్లు ముందు ధాన్యం ఆరబోసే గచ్చు ఇంకా అలాగే ఉంది. వెళ్లి గోడ నీడన కూర్చున్నాం.

మర్నాటినుంచి మాణిక్యాంబ ఇడ్లీలు ఆకులో కట్టి గచ్చు దగ్గరకి పంపించింది. రానివ్వనని రాసింది గానీ పంపనని రాయలేదు కదా అందట. మూడోరోజు ఒక లారీ డ్రైవరు ఆకు పొట్లంతో వచ్చాడు.

“తాతా, ఇక్కడ ఏజెంట్లు లేరు కదా?”

లేరని చెయ్యి ఊపాను. దూరంగా కూర్చుని హాయిగా తిన్నాడు. ఆ తర్వాత సంహిత పరీక్ష తప్పినవాళ్లు వచ్చారు. పాసైనవాళ్లు కూడా వచ్చారు. కొందరు మాట్లాడుకునేవాళ్లు, కొందరు ఊరికే తినేవాళ్లు. దోమల్ని తిట్టాలనుకున్నవాళ్లు కడుపారా తిట్టేవాళ్లు. పక్కవాడి ఆకులో పచ్చడి బాగుంటే అడిగి వేసుకునేవాళ్లు. ఫోన్లు ఉన్నవాళ్లకి అవి తియ్యడానికి చెయ్యి ఖాళీ లేదు. నెల తిరిగేసరికి నలభైమంది అయ్యారు. మధ్యాహ్నం కూడా ఆకులు రావడం మొదలైంది, మా ఇద్దరికీ అప్పుడూ ఇడ్లీలే. లాజరు సైగలు లారీ డ్రైవరుకి సగం వచ్చేశాయి.

ఒక మధ్యాహ్నం త్రిమూర్తులు క్యారేజీ పట్టుకుని వచ్చాడు. గేటు దగ్గరే ఆగిపోయాడు.

“బాబాయ్, పొద్దుటినించీ ఊళ్లో వాళ్ల సైగలు చూసి చూసి కళ్లు పోయాయి. ఒక్క అరగంట కూర్చోనా?”

పక్కకి జరిగాను. అతను ఫోను చెప్పుల్లో పెట్టి, వచ్చి కూర్చుని అన్నం కలుపుకున్నాడు.

రెండో ముద్ద నోట్లో ఉండగా కమిషనర్ గారి కారు వచ్చింది.

లాజరు చెవి తమ్మె పట్టుకున్నాడు. లారీ డ్రైవరుకి ఆ సైగ తెలుసు కాబట్టి అందరికీ అందించాడు. నలభైమందీ చేతులు ఆకుల్లో పెట్టుకుని అటు తిరిగారు. త్రిమూర్తులు నోట్లో ముద్ద మింగలేదు, ఉమ్మలేదు.

కమిషనర్ గారు గచ్చు ఎక్కి నిలబడ్డారు. మనుషులు మనుషుల్ని చూసుకుంటూ తింటున్న చోటు. నవ్వుతున్న మొహాలు ఇంకా సర్దుకోలేదు. ఆయన కోరుకున్నది అంతా అక్కడ ఉంది. ఒక్కక్షణం ఆయన మొహంలో ఆకలి లాంటిది కనిపించింది. అడిగితే నా ఆకులోది ఒక ఇడ్లీ పెట్టేవాణ్ణే.

ఆయన జేబులోంచి ఫోను తీసి, అందులో చూసి చదవడం మొదలుపెట్టారు.

“పౌరులారా! అనుమతి పొందని స్థలమందు, పర్యవేక్షణ లేకుండా, ప్రమాణములకు లోబడని ముఖాముఖి అనుబంధము ఏర్పరచుకొనుట తీర్మానము సంఖ్య...”

గొంతు పెద్దదే. ఖాళీ మిల్లు రేకులకి తగిలి ఇంకా పెద్దదై వస్తోంది.

లాజరు ఆయన పెదాలకేసి చూశాడు. చాలాసేపు చూశాడు. ఇంతసేపు నోటితో చెప్తున్నాడంటే చాలామందే పోయుంటారు అనుకున్నట్టున్నాడు. ఇడ్లీ పక్కన పెట్టి, అరచెయ్యి నుదుటికి ఆనించుకుని నా వైపు తిరిగాడు.

ఎవరు పోయారు?

ఎవరూ పోలేదని తల అడ్డంగా ఊపాను. ఉన్న మూడు వేళ్లతోనే పిడికిలి బిగించి, గాల్లో గుండ్రంగా తిప్పాను.

వాడు ఓహో అన్నట్టు తలాడించి, ఇడ్లీ తీసుకుని తినడం మొదలుపెట్టాడు.